డాక్యుమెంట్‌లో ఎంత రాద్దాం?

ఆయన విద్యుత్ శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యాడు. వనస్థలిపురంలో సొంతిల్లు, ఊరి చుట్టూ మూడు చోట్ల స్థలాలు. ఆవిడ ఆయన మేనకోడలు, చార్టర్డ్ అకౌంటెంట్. ఆవిడ తమ్ముడు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మొదటిసారి స్థలం కొనబోతున్నాడు. శ్రీశైలం హైవే మీద అనుమతులున్న లేఅవుట్‌లో 200 గజాలు, గజం 25 వేలు. అమ్మేది ఓ ప్రైవేటు ఆసామి. బేరం తెచ్చింది మావయ్య, అడ్డుపడింది అక్క. కొనేవాణ్ని పక్కన కూచోబెట్టి ఇద్దరూ వాదించుకున్నారు. వాడు రెండుసార్లు నోరు తెరవబోయి మానుకున్నాడు. మన ఇళ్ళలో మొదటి కొనుగోలు సాధారణంగా ఇలాగే జరుగుతుంది.

మావయ్య: లెక్క సులువమ్మాయ్. మొత్తం 50 లక్షలు. అక్కడ ప్రభుత్వ విలువ గజం పది వేలు. 20 లక్షలకి రిజిస్ట్రేషన్ చేయించి మిగతా 30 చేతిలో పెడతాం. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం. 50 మీదైతే మూడు లక్షల డెబ్బై అయిదు వేలు, 20 మీదైతే లక్షన్నర. రెండుంపావు లక్షలు మిగులు. దాంతో ప్రహరీ గోడ లేస్తుంది.

మేనకోడలు: మిగులు కాదు మావయ్యా, వాయిదా. అయిదేళ్ళ తర్వాత దాన్ని 70 లక్షలకి అమ్మాడనుకోండి. కొని రెండేళ్ళు దాటింది కాబట్టి దీర్ఘకాలిక మూలధన లాభం కింద పన్నెండున్నర శాతం పన్ను. 2024 జులై 23 నుంచి కొన్నవాటికి ఇండెక్సేషన్ లేదు, కొన్న ధరని పెంచి చూపించుకోవడం కుదరదు. డాక్యుమెంట్‌లో 50 రాసి ఉంటే, రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా కలుపుకుని వీడి ఖరీదు 53 లక్షల 75 వేలు. లాభం 16 లక్షల పాతిక వేలు, పన్ను రెండు లక్షల మూడు వేలు. డాక్యుమెంట్‌లో 20 రాసి ఉంటే ఖర్చుతో కలిపి ఇరవై ఒకటిన్నర. లాభం నలభై ఎనిమిదిన్నర లక్షలు, పన్ను ఆరు లక్షల ఆరు వేలు. సెస్సు కలపకుండానే నాలుగు లక్షల తేడా. నిజంగా వచ్చిన లాభం రెండు చోట్లా ఒకటే.

మావయ్య: ఇవాళ మిగిలిన రెండుంపావు అయిదేళ్ళలో ఎంతవుతుందో అది కూడా చెప్పు మరి. తొమ్మిది శాతం వడ్డీ వేసుకో.

మేనకోడలు: మూడున్నర లక్షలకి కాస్త తక్కువ.

మావయ్య: అంటే అరలక్ష కోసమా ఈ గొడవంతా? పైగా వీడు అమ్మేటప్పుడు కూడా ఇలాగే అమ్ముతాడు. డాక్యుమెంట్‌లో ఇరవయ్యో పాతికో రాస్తాడు, మిగతాది చేతికి తీసుకుంటాడు. నీ పన్నెండున్నర శాతం ఎవడికి తగులుతుంది?

మేనకోడలు: పాతికే రాయాలంటే ప్రభుత్వ విలువ అయిదేళ్ళ పాటు అక్కడే ఉండాలి. ఉంటుందని ఎవరన్నారు? తెలంగాణలో 2021 జులైలో పెంచారు, ఆరు నెలలు తిరిగీ తిరక్కుండా 2022 ఫిబ్రవరిలో మళ్ళీ పెంచారు. మీరు కొన్న చోట విలువ గజం 25 వేలు చేశారనుకోండి. అప్పుడు వీడు ఎంతకి అమ్మినా, ఆదాయపు పన్ను శాఖ దృష్టిలో అమ్మకం 50 లక్షలే. పది శాతం దాకా తేడా ఉంటే ఊరుకుంటారు, అంతకన్నా తగ్గితే ప్రభుత్వ విలువనే అమ్మకపు ధరగా తీసుకుని లాభం లెక్కగడతారు. కొన్నది 20కి, అమ్మింది 50కి. వీడు నల్లడబ్బు ఒక్క రూపాయి తీసుకోకపోయినా దాదాపు 30 లక్షల లాభానికి పన్ను కట్టాలి. రేట్లు పెంచేది ప్రభుత్వం, రాసుకున్నది మనం.

మావయ్య: పెంచుతామని ఏడాదికోసారి పేపర్లో రాస్తూనే ఉంటారులే.

మేనకోడలు: రెండోది, అప్పుడు కొనేవాడు ఎవడు? వీడిలాంటి ఉద్యోగే. జీతం బ్యాంకులో పడుతుంది, అప్పు బ్యాంకు ఇస్తుంది. మీ కాలంలో పొగాకు వ్యాపారో, రైసుమిల్లు యజమానో సంచీతో వచ్చేవాడు. ఇప్పుడు పాతిక వేల గజం కొనేవాడి దగ్గర సంచీ లేదు. మూడోది, స్థలం అమ్మకంలో 20 వేలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకుంటే, తీసుకున్నంతా జరిమానా వేయొచ్చు. 30 లక్షలు తీసుకుంటే 30 లక్షలు. ఆ జరిమానా తీసుకున్నవాడి నెత్తిన పడుతుంది, ఇచ్చినవాడి మీద కాదు.

మావయ్య: ఆ! ఇచ్చేవాడికి లేదుగా. ఇప్పుడు మనం ఇచ్చేవాళ్ళమే.

మేనకోడలు: ఇచ్చేవాడికి వేరే ప్రశ్న ఉంటుంది: ఎక్కడిదీ అని. వీడి విషయంలో అదింకా విడ్డూరం. వీడి డబ్బంతా జీతం. ప్రతి నెలా పన్ను కోసుకున్నాకే ఖాతాలో పడింది. ఇంత తెల్లగా ఉన్న డబ్బుని బ్యాంకులోంచి తీసి, మనమే నల్లగా చేసి, ఇంకొకడి చేతిలో పెట్టి, పన్ను తప్పించుకునే భాగ్యం వాడికిచ్చి, ఆ పన్ను భారం మన తల మీదికి తెచ్చుకుంటున్నాం. అమ్మేవాడు ఆ 30 లక్షల మీద కట్టాల్సిన పన్ను ఎటూ పోదు మావయ్యా. డాక్యుమెంట్‌తో పాటు అదీ వీడి పేరు మీదికి బదిలీ అవుతుంది.

(ఈ మాట దగ్గర మావయ్య కాసేపు కాగితం మీద ఏదో కూడుకున్నాడు. లెక్క ఒప్పుకున్నట్టు కనిపించింది గానీ బేరం వదులుకున్నట్టు కాదు.)

మావయ్య: సరే, వాడి పన్ను మనకి అంటుకుంటుంది. నేను కాదనను. కానీ అమ్మేవాడు ఒప్పుకోకపోతే? తెల్లగానే ఇస్తానంటే ఈ చుట్టుపక్కల నీకు స్థలం అమ్మేవాడు దొరకడు. దొరికినా గజానికి రెండు వేలు ఎక్కువ చెబుతాడు. మీరు ఆఫీసులో కూచుని చెప్పే నీతి బాగానే ఉంటుంది.

మేనకోడలు: నీతి సంగతి నేనెత్తలేదు. ముందు ఇది చెప్పండి. వీడి దగ్గర 25 లక్షలున్నాయి. మిగతా 25 ఎక్కణ్ణుంచి వస్తాయి?

మావయ్య: బ్యాంకు లోను.

మేనకోడలు: ఇరవై లక్షల డాక్యుమెంట్ మీద పాతిక లక్షల లోను ఏ బ్యాంకు ఇస్తుంది?

మావయ్య: సేల్ అగ్రిమెంట్‌లో 50 రాయిద్దాం. బ్యాంకుకి అది చూపిద్దాం.

మేనకోడలు: అగ్రిమెంట్‌లో 50, సేల్ డీడ్‌లో 20. ఆ రెండూ ఒకే బ్యాంకు ఫైల్లో ఒకదాని కింద ఒకటి. రేపు ఎవరైనా విప్పి చూస్తే సాక్ష్యం వెతుక్కోనక్కర్లేదు, మనమే కుట్టి ఇచ్చినట్టు.

మావయ్య: చిట్టీ ఉంది కదా వాడికి. పాడుకోమంటాను. తక్కువ పడితే పర్సనల్ లోను.

మేనకోడలు: రెండుంపావు లక్షలు మిగల్చడానికి పర్సనల్ లోను వడ్డీ! ఇంకోటి వినండి. రేపు ఆ స్థలానికి నిజమైన హక్కుదారుడు ఇంకొకడని తేలి కేసు ఓడిపోయాం అనుకోండి. అమ్మినవాడి మీద డబ్బు కోసం దావా వేస్తే కోర్టు ముందు నిలబడేది డాక్యుమెంట్‌లో ఉన్న 20. ఆ 30 ఇచ్చినట్టు ఎలా చెబుతారు? చెబితే ఏమవుతుంది? అది పక్కన పెట్టండి, రోడ్డుకే పోయిందనుకోండి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారానికి మూలం ప్రభుత్వ విలువ, లేదా చుట్టుపక్కల గత మూడేళ్ళలో రిజిస్టరైన ధరలు. వాటిలో ఏది ఎక్కువైతే అది. ఊరంతా కలిసి సగం ధరకి రిజిస్ట్రేషన్లు చేయించుకుంటే, ఊరంతటికీ పరిహారం దాన్నిబట్టే లెక్క మొదలవుతుంది. రీజినల్ రింగ్ రోడ్డుకి భూములు పోతున్నవాళ్ళు బయట ధర ఇంత, మీరిచ్చేది ఇంతేనా అని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ బయట ధర ఏ కాగితంలోనూ లేదు.

మావయ్య: రైతు ఏం చేస్తాడే? వాడు రాయించుకున్నాడా తక్కువకి? కొనుక్కున్న వాళ్ళు రాయించారు, మాలాంటివాళ్ళు. అది ఒప్పుకుంటాను.

మేనకోడలు: అందుకే వీడిది 50కి రాయిద్దామంటున్నాను.

మావయ్య: ఉండు. అసలు నీ మనసులో మాట నాకు తెలుసు. నీకు స్థలం కొనడమే ఇష్టం లేదు. మీ అకౌంటెంట్లందరికీ ఫ్లాటంటేనే మోజు. అద్దె వస్తుంది, వడ్డీ మినహాయింపు వస్తుంది అంటారు. పాతికేళ్ళకి ఏం మిగులుతుంది? గోడలు. భూమి పెరుగుతుంది, కట్టడం అరుగుతుంది.

మేనకోడలు: ఫ్లాటని నేనన్లేదు. ఫ్లాటు లెక్క మీకంటే నాకే ఎక్కువ భయం. 80 లక్షల ఫ్లాటు, 60 లక్షలు అప్పు, ఎనిమిదిన్నర శాతం, ఇరవయ్యేళ్ళు. నెలకి కిస్తీ 52 వేలు. అద్దె 22 వేలనుకుందాం. నెలనెలా జేబులోంచి 30 వేలు.

మావయ్య: మినహాయింపులో?

మేనకోడలు: చెబుతాను. ఏడాది అద్దె 2 లక్షల 64 వేలు. ఇంటి పన్ను ఎనిమిది వేలు కట్టాడనుకుంటే అది తీసేస్తాం. మిగిలిన దాంట్లో 30 శాతం, మరమ్మతులు చేయించినా చేయించకపోయినా, చట్టమే తీసేసుకోమంటుంది. లక్షా 79 వేలు మిగిలింది. మొదటి ఏడాది వడ్డీ అయిదు లక్షల పైమాట. ఆ అద్దె మీద పన్ను పడదు, అది నిజం. కానీ మూడు లక్షల పైచిలుకు నష్టం కనిపిస్తుంది చూశారా, దాంట్లో రెండు లక్షలు జీతంలోంచి తగ్గించుకోవచ్చన్నది పాత పన్ను విధానంలో. కొత్త విధానంలో అది లేదు. వీడు కొత్త విధానంలో ఉన్నాడు. ఇలాంటి కుర్రాళ్ళు చాలామంది అందులోనే ఉన్నారు. అయినా ఫ్లాట్లు అమ్మేవాళ్ళు ఇప్పటికీ 'ట్యాక్స్ బెనిఫిట్' అని బోర్డు మీద రాస్తున్నారు.

మావయ్య: చూశావా, నేను చెప్పిందే నువ్వు చెప్పావు.

మేనకోడలు: పూర్తిగా కాదు. స్థలం అద్దె ఇవ్వదు, దాని మీద తెచ్చిన అప్పు వడ్డీకి ఏ విధానంలోనూ ఏటేటా మినహాయింపు లేదు. ఫ్లాటు నెలకి 30 వేలు తింటే, పాతిక లక్షల అప్పుతో స్థలం అదే వడ్డీ, అదే గడువు లెక్కన నెలకి 22 వేల దాకా తింటుంది. అదైనా ఇదైనా వీడు కొంటున్నది ధర పెరుగుతుందన్న నమ్మకాన్నే. దానికి బదులు మాదాపూర్ మైండ్‌స్పేస్‌లో అద్దెలు వచ్చే ఆఫీసు భవనాలున్నాయి, అవి రీట్ కింద స్టాక్ మార్కెట్లో దొరుకుతాయి. కొన్ని వందలకి ఒక యూనిట్. రేపు పొద్దున డబ్బు కావాలంటే రేపు పొద్దున్నే అమ్ముకోవచ్చు.

మావయ్య: అదే దాని జబ్బు. పొద్దున్నే అమ్ముకోవచ్చు గనక వీడు పొద్దున్నే అమ్ముకుంటాడు. నేను 1998లో స్థలం కొన్నాను. మీ అత్తయ్య ఆపరేషనుకి, పెద్దాడి చదువుకి, ఇంట్లో ఏ అవసరం వచ్చినా అమ్మడానికి మనసొప్పలేదు. అమ్మడం కష్టం కాబట్టి ఉంది. అదే మ్యూచువల్ ఫండో మరోటో అయితే నేను ఈపాటికి మూడుసార్లు ఖాళీ చేసేవాణ్ని. అమ్మాయి పెళ్ళికి అప్పు చేయకుండా నిలబడ్డానంటే ఆ స్థలం వల్లే.

మేనకోడలు: ఇది నేను కొట్టిపారేయలేను.

మావయ్య: రాసుకో ఎక్కడైనా. ఇంకో సంగతి. పన్ను పన్ను అని భయపెడుతున్నావు. ఆ స్థలం అమ్మి ఇల్లు కట్టుకుంటే పన్నే లేదని నువ్వే నాకు చెప్పావుగా నాలుగేళ్ళ క్రితం.

మేనకోడలు: చెప్పాను. ఇప్పటికీ ఉంది. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఈ వెసులుబాటు పోలేదు. పాత నంబరుతో చెబితే 54ఎఫ్. స్థలం అమ్మగా వచ్చిన డబ్బంతా ఒక ఇంటి మీద పెట్టాలి. లాభం ఒక్కటీ పెడితే చాలదు, ఖర్చులు పోగా వచ్చిన మొత్తం పెట్టాలి. సగం పెడితే సగం మినహాయింపు. కొనేదైతే అమ్మిన రెండేళ్ళలోపు, కట్టేదైతే మూడేళ్ళలోపు. రిటర్ను గడువు నాటికి ఖర్చు కాని డబ్బుని బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతా తెరిచి అందులో వేయాలి. మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచి 'కట్టబోతున్నాను' అంటే చెల్లదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది అక్కడే.

మావయ్య: అంతేకదా.

మేనకోడలు: ఇంకో ముడి ఉంది. స్థలం అమ్మిన రోజున వీడికి కొత్తది కాకుండా ఒకటి కంటే ఎక్కువ ఇళ్ళు ఉండకూడదు. ఇప్పుడు 'అద్దెలొస్తాయి' అని ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు రెండేసి ఫ్లాట్లు కొని, తర్వాత స్థలం అమ్మి నా దగ్గరికి వస్తారు. అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు. మొదటిది కొనేటప్పుడే మూడోది ఆలోచించాలి.

మావయ్య: అయితే వీడికి స్థలమే మంచిదని తేలింది. ఒక ఇల్లు, ఒక స్థలం. స్థలం అమ్మినప్పుడు పెద్ద ఇల్లు.

మేనకోడలు: పోనీ, ఒప్పుకున్నాను. కానీ అందులో కూడా తెల్లగా కొన్నవాడికే లాభం. నల్లగా కొంటే లాభం 48 లక్షలని కాగితం చెబుతుంది, ఆ పన్ను తప్పించుకోవాలంటే వీడికి ఇష్టమున్నా లేకున్నా ఇల్లు కొనక తప్పదు. తెల్లగా కొంటే, అక్కర్లేదనుకుంటే రెండు లక్షలు కట్టేసి తనిష్టం వచ్చింది చేసుకుంటాడు.

మావయ్య: వాడి పేరున కాక వాళ్ళావిడ పేరున రాయిస్తే?

మేనకోడలు: డబ్బు వాడిదైతే అద్దె వచ్చినా, అమ్మితే లాభం వచ్చినా వాడి ఆదాయంలోనే కలుపుతారు. ఆవిడ సొంత సంపాదన పెడితే ఆ మేరకి ఆవిడది. ఇద్దరూ పెట్టి ఇద్దరి పేరున రాసుకుంటే సంతోషం, ఎవరి వాటా ఎవరి ఖాతాలోంచి వెళ్ళిందో కనిపించాలి.

మావయ్య: నేను అసలు సలహా ఇచ్చింది స్థలం కూడా కాదు. వ్యవసాయ భూమి కొనరా అన్నాను. అమ్మితే పన్ను సున్నా. ఇది తప్పా?

మేనకోడలు: తప్పు కాదు, సగం. పదిలక్షలు దాటిన జనాభా ఉన్న మునిసిపాలిటీకి ఎనిమిది కిలోమీటర్లు, లక్ష నుంచి పది లక్షలైతే ఆరు, పది వేల నుంచి లక్షయితే రెండు. ఆ దూరం దాటి ఉన్న సాగుభూమి పన్ను చట్టం దృష్టిలో మూలధన ఆస్తే కాదు. దూరం రోడ్డు మీద కాదు, గీత గీసినట్టు ఆకాశమార్గాన. మొన్న గ్రేటర్ హైదరాబాద్ హద్దుల్ని అవుటర్ రింగ్ రోడ్డు దాకా జరిపారు కదా. నిరుడు ఎనిమిది కిలోమీటర్ల అవతల ఉన్న పొలం ఇవాళ ఇవతలికి వచ్చి ఉండొచ్చు. లెక్క చూసేది అమ్మే నాటికి ఎక్కడుందన్నది. పైగా నాలా మార్పిడి, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పు, చేయించిన మర్నాటి నుంచి అది వ్యవసాయ భూమి కాదు.

మావయ్య: మరి ఫామ్ ప్లాట్లు అమ్ముతున్నారే, గుంటల లెక్కన?

మేనకోడలు: గుంటంటే 121 గజాలు. అయిదు గుంటల్లో ఏం సాగు చేస్తాడు వీడు, కొత్తిమీరా? అది లేఅవుట్ అనుమతి లేని ప్లాటుకి పొలం వేషం వేయడం. రేపు రోడ్డు ఉండదు, ఇంటికి అనుమతి రాదు. డల్లాస్‌లో ఉన్న బావకి కూడా అలాంటిదే ఒకటి అంటగట్టబోయారు. ఎన్ఆర్ఐ మన దేశంలో వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనకూడదని విదేశీ మారకద్రవ్య నిబంధన. వారసత్వంగా వస్తే వేరే మాట.

మావయ్య: ఫామ్ ప్లాట్లు నేనూ వద్దనే అంటాను. ఇక ఇక్కడ నా మాట విను, ఇది నీ పుస్తకాల్లో లేదు. ఈసీ తీశావు, బాగుంది. లింక్ డాక్యుమెంట్లు ముప్ఫయ్యేళ్ళవి చూశావు, బాగుంది. నిషేధిత జాబితా, 22ఎ, అందులో సర్వే నంబరు లేదని చూశావు. అసైన్డ్ భూమి కాదని తేల్చుకున్నావు, ఎందుకంటే 1977 చట్టం కింద అసైన్డ్ భూమి ఎన్ని చేతులు మారినా వెనక్కి తీసుకుంటారు. ఇవన్నీ చూశాక కూడా, ఈసీలో చెరువు కనిపించదు.

మేనకోడలు: అంటే?

మావయ్య: ఈసీలో ఎవడు ఎవడికి అమ్మాడో, ఎక్కడ తాకట్టు పెట్టాడో ఉంటుంది. నీళ్ళెక్కడిదాకా వస్తాయో ఉండదు. పూర్తి నీటిమట్టం, దాని చుట్టూ బఫర్, అవి చెరువుల మ్యాపుల్లో ఉంటాయి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక కూల్చిన వాటిలో అనుమతులున్నాయని చెప్పినవాళ్ళు తక్కువమందేం కాదు. అందుకే వానాకాలంలో వెళ్ళి చూడమంటాను. ఏజెంటుతో వెళ్ళకు. పక్క పొలంలో గేదెల్ని కాసే పెద్దాయన్ని అడుగు, 'ఇక్కడ నీళ్ళు నిలుస్తాయా బాబాయ్' అని. ఈ స్థలాన్ని నేను రెండు వానలకి చూశాను. నిలవలేదు.

మేనకోడలు: ఇది మాత్రం నాకు తట్టేది కాదు.

మావయ్య: మరి! కొన్నాక కూడా అంతే. నాలుగు మూలలా రాళ్ళు పాతి వదిలేస్తే కుదరదు. మూడు నెలలకోసారి పోయి రావాలి. పక్కవాడు అడుగు అడుగు జరుగుతాడు. డల్లాస్ వాళ్ళకి అయ్యేది అదే.

మేనకోడలు: డల్లాస్ వాళ్ళకి ఇంకోటి కూడా అవుతుంది. వాళ్ళు అమ్మేటప్పుడు కొనేవాడు ఒక్క శాతం కాదు, మూలధన లాభాల రేటు చొప్పున టీడీఎస్ కోయాలి. ముందే అధికారి దగ్గర తక్కువ కోతకి సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే అమ్మిన మొత్తం మీదే కోస్తారు. ఆ తర్వాత వాపసు కోసం ఎదురుచూపులు. అమెరికాలోనూ ఆ లాభం చూపించాలి, ఇక్కడ కట్టినదానికి అక్కడ క్రెడిట్ తీసుకోవాలి.

మావయ్య: ఒక్క శాతమా? అదేమిటి, మనకీ ఉందా?

మేనకోడలు: 50 లక్షలు గానీ ఆ పైన గానీ అయితే కొనేవాడు ఒక శాతం మినహాయించి, అమ్మేవాడి పాన్ మీద ఆన్‌లైన్లో కట్టాలి. వీడి విషయంలో 50 వేలు. నెలాఖరు నుంచి 30 రోజుల గడువు. మర్చిపోతే వడ్డీ, పైగా రోజుకి 200 ఆలస్య రుసుం. కట్టేముందు అమ్మేవాడి పాన్ ఆధార్‌తో ముడిపడి ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే ఒక శాతం కాదు, 20 శాతం. అది తెలియక ఒక్క శాతం కట్టి, మిగతా 19 శాతం కట్టమని నోటీసులందుకున్న కొనుగోలుదారులు ఉన్నారు. తప్పు అమ్మినవాడిది, నోటీసు కొన్నవాడికి.

మావయ్య: ఇరవై లక్షల డాక్యుమెంట్‌కైతే ఈ తలనొప్పి ఉండదు.

మేనకోడలు: మళ్ళీ అక్కడికే వచ్చారు.

మావయ్య: ఊరికే అన్నాను. జీఎస్టీ?

మేనకోడలు: స్థలానికి లేదు. కడుతున్న ఫ్లాటుకి అయిదు శాతం, చవక ఇళ్ళకి ఒకటి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే ఏమీ లేదు. వీడికి అనవసరం. ప్రీలాంచ్ అనే మాట ఎవరైనా అంటే మాత్రం ఫోన్ పెట్టేయమనండి. రెరా నంబరు లేకుండా అమ్మకూడదు. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా పది శాతానికి మించి డబ్బు తీసుకోకూడదు.

మావయ్య: జీపీఏ, అదే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, మీద కూడా వద్దు. సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది, దాంతో హక్కు రాదని. ఇది నాకు నువ్వు చెప్పనక్కర్లేదు, నేను చూసినవే ఉన్నాయి. సరే, ఇప్పుడు అసలు చిక్కు. ఆ ఆసామి స్థలం 2015లో ఆరు లక్షలకి కొన్నాడు. 50కి రాస్తే వాడి లాభం 44. ఇరవైకి రాసినదానికన్నా వాడికి ఎంత ఎక్కువ పడుతుంది?

మేనకోడలు: అదనంగా 30 లక్షల మీద పన్నెండున్నర శాతం, మూడు లక్షల 75 వేలు. 2024 జులై 23కి ముందు కొన్నవాడు కనుక ఇండెక్సేషన్‌తో 20 శాతం కట్టే దారి కూడా వాడికి ఉంది. కానీ ఇంత పెరిగిన స్థలానికి అది ఇంకా ఎక్కువవుతుంది.

మావయ్య: ఆ మూడు ముప్పావు వాడు మననే అడుగుతాడు.

మేనకోడలు: అడుగుతాడు. మనం మొత్తం ఇస్తే, మన రిజిస్ట్రేషన్ అదనపు ఖర్చు కూడా కలిపి ఇవాళ ఆరు లక్షలు దాటుతుంది. తర్వాత మిగిలేది నాలుగున్నర. ఒట్టి కూడికలు తీసివేతల్లో మనకి నష్టమే. నేను దాచను.

మావయ్య: ఆ మాట ఇందాకే చెప్పొచ్చుగా!

మేనకోడలు: చెబితే మీరు మిగతాది వినేవారా? అందుకే మొత్తం ఇవ్వొద్దంటున్నాను. ఆయనకి దారి చూపించండి. లాభం మొత్తాన్ని అమ్మిన ఆరు నెలల్లోపు ఆర్ఈసీ లాంటి సంస్థల మూలధన లాభాల బాండ్లలో పెడితే పన్ను ఉండదు. 50 లక్షల దాకా పెట్టొచ్చు. అయిదేళ్ళు కదపకూడదు, వడ్డీ తక్కువే, దాని మీద పన్నూ ఉంటుంది. లేదా ఇల్లు కొనే ఉద్దేశముంటే ఆయనకీ ఆ ఇంటి వెసులుబాటే వర్తిస్తుంది.

మావయ్య: వాడి కొడుకు ఆస్ట్రేలియా వెళుతున్నాడు. బాండ్లలో పెట్టే డబ్బు కాదది. సగం అవసరం అనుకో.

మేనకోడలు: సగం బాండ్లలో పెడితే పన్ను ఆ మేరకి తగ్గుతుంది. 22 లక్షలు పెడితే రెండు లక్షల 75 వేలు తగ్గుతుంది. ఇరవైకి రాసినా ఆయన లక్షా 75 వేలు ఎలాగూ కట్టాలి. ఇప్పుడు 50కి రాసి, సగం బాండ్లలో పెడితే రెండు లక్షల 75 వేలు. ఆయనకి నిజంగా పెరిగేది లక్ష.

మావయ్య: ఏదీ, మళ్ళీ చెప్పు.

మేనకోడలు: లక్ష. అంతే.

మావయ్య: లక్షయితే గజానికి అయిదు వందలు. వాడు రెండు వేలు అడుగుతాడు, నేను మూడు వందల దగ్గర మొదలుపెడతాను. ఇదిగో, ఆ బాండ్ల సంగతి ఒక కాగితం మీద తెలుగులో రాసివ్వు. రిజిస్ట్రేషన్ మాట తర్వాత, ముందు వాడి పాన్ ఆధార్‌కి లింకయి ఉందో లేదో రేపు పొద్దున్నే కనుక్కుంటాను.